తాతల నాటి నగిషీ పెట్టెకు వయసు చెప్పే సేవలు: ఎవరి మాట ఎంతవరకు నమ్మొచ్చు

పంపకాల్లో నగిషీలు చెక్కిన పెట్టె ఒకటి వాటాకొస్తుంది. దాంతోపాటే ఒక మాట కూడా వస్తుంది: "రెండొందల ఏళ్లదట, ముత్తాత రంగూన్ నుంచి ఓడలో తెచ్చాడట." పెట్టె కళ్లెదురుగానే ఉంది. తేలాల్సింది ఆ మాట సంగతి. ఫీజు తీసుకుని, లేదా ఉచితంగానే, అది తేల్చిపెడతామనే సేవలు ఇప్పుడు అయిదారు రకాలున్నాయి. ఆన్‌లైన్ ఫొటో నివేదికలు, వేలం సంస్థలు, పాత సామాన్ల అంగళ్లు, కలప ప్రయోగశాలలు, కార్బన్ పరీక్ష, ఫోన్‌లో బొమ్మ చూసి చెప్పే యాప్‌లు. వీటిలో దేనికి డబ్బు పెట్టొచ్చో, దేనికి పెట్టకూడదో ఇక్కడ చూద్దాం.

తీర్పు ముందే చెప్పేస్తే, మామూలు ఇంటికి ఫొటో నివేదిక ఒక్కటి చాలు. కాకపోతే మీరు పంపే ఫొటోలు పెట్టె మొహానివి కాకుండా అడుగువి, వెనకవి, బందులవి (మూతను పట్టి ఉంచే కీళ్లవి) అయి ఉండాలి. నగిషీ పని ఊరిని చెప్తుంది, వయసును చెప్పదు. నెమళ్లు, డ్రాగన్లు, తీగలు 1880లోనూ చెక్కారు, 1980లోనూ అవే చెక్కారు. చెక్కేవాడు పాత నమూనాను దించగలడు. పెట్టె కింద పలకకు ఎవరూ చూడరని వాడిన రంపం, కొట్టిన మేకు మాత్రం ఆ కాలానివే అయి ఉంటాయి.

ఫొటో నివేదికలు: 5కి 3, మీరు కష్టపడితే 4

ఆన్‌లైన్‌లో మీరు పంపిన ఫొటోలు చూసి వయసు రాసిచ్చే మదింపుదారులు ఒక్కో వస్తువుకు సుమారు 20 నుంచి 50 డాలర్లు తీసుకుంటారు. రెండు మూడు రోజుల్లో పేజీ, పేజీన్నర నివేదిక వస్తుంది. వాళ్ల ఫారంలో నాలుగైదు ఫొటోలే అడుగుతారు: ముందు, పక్క, మూత తెరిచి, ఏదైనా గుర్తు. ఆ నాలుగే పంపితే "19వ శతాబ్దం చివర లేదా 20వ శతాబ్దం మొదట్లో, ఆసియా గట్టి కలప" అనే జవాబొస్తుంది. అంటే ఏమీ చెప్పనట్టే. పదకొండు, పన్నెండు ఫొటోలు పంపండి. ఫారంలో పట్టకపోతే నాలుగేసి కలిపి ఒకే బొమ్మగా చేసి పంపండి.

తీసే ముందు పెట్టెను తుడవడం, నూనె పూయడం, పాలిష్ పెట్టడం ఏవీ వద్దు. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు. లోపలి సామాను తీసేసి, కింద బొంత పరిచి, ఇద్దరు పట్టుకుని వీపు మీదికి ఒరిగించండి. మూత తెరుచుకోకుండా ముందు తాడు కట్టాలి. ఇది మరిచిపోయి ఒరిగిస్తే మూత బరువుకు వెనక బందులు ఊడొస్తాయి, పాత మరల (స్క్రూల) బెజ్జాలు చీలిపోతాయి. ఇప్పుడు అడుగు మొత్తం ఒక ఫొటో. టార్చిని పక్కనుంచి, పలకకు దాదాపు ఆనించినట్టు పట్టుకుని రంపపు గీతలు కనిపించేలా ఇంకొకటి. వెనక పలక, మూల జోడింపు, మూత లోపలి భాగం, కాలి కింద భాగం, తాళం పళ్లెం, తాళం తీసిన చోటు, బందు, బందు నుంచి తీసిన ఒక మర, నగిషీలో కుడి ఎడమల్లో ఒకే రకంగా ఉండాల్సిన రెండు పూలు పక్కపక్కన. ప్రతిదాంట్లో స్కేలు కనపడాలి.

మంచి నివేదికకు ఒకటే గుర్తు. "ఫలానా కాలం" అని రాసి ఊరుకోకుండా, ఏ ఆధారంతో అన్నారో రాస్తారు. ఆధారం రాయకపోతే తిరిగి అడగండి. ఎక్కువమంది ఒకసారి అదనపు ప్రశ్నకు జవాబిస్తారు. ఆ జవాబులో స్క్రూల ప్రస్తావన గానీ, రంపపు గీతల ప్రస్తావన గానీ లేకపోతే వాళ్లు మీ ఫొటోలు సరిగ్గా చూడలేదనే అర్థం.

ఆ ఒక్క మర ఎందుకంత ముఖ్యం

మూత వెనక బందుకు ఉన్న మరల్లో, లోపలి వైపున, తుప్పు తక్కువ ఉన్నదాన్ని ఎంచుకోండి. గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్ కావాలి. సన్నదానితో తిప్పితే గాడి చిట్లుతుంది. ముందు అర చుట్టు బిగించే వైపు తిప్పి, తర్వాత విప్పే వైపు తిప్పాలి. రెండుసార్లకు కదలకపోతే వదిలేసి ఇంకోటి చూసుకోండి.

బయటికొచ్చిన మరకు కొస మొద్దుగా, కోసేసినట్టు ఉండి, గాడి తలకు సరిగ్గా మధ్యలో కాకుండా కాస్త పక్కకు జరిగి, మరచుట్లు ఒకదానికొకటి సమానంగా లేకపోతే అది ఆకురాయి పట్టి చేసిన పాత మర. సన్నగా మొన తేలి, దానంతటదే కలపలోకి దిగేలా ఉంటే యంత్రం మీద చేసినది. మొన ఉన్న మరలు 1840ల చివర అమెరికాలో మొదలయ్యాయి. 1854లో నెటిల్‌ఫోల్డ్, చాంబర్లేన్ వాళ్లు ఆ యంత్రాల హక్కులు కొని బర్మింగ్‌హామ్ దగ్గర ఫ్యాక్టరీ పెట్టాకే అవి బ్రిటిష్ సరుకుగా ఓడలెక్కాయి. కాబట్టి మొదటి నుంచీ ఉన్న బందుకు మొన మర ఉంటే "1800 నాటి పెట్టె" అనే మాట అక్కడితో సరి. తల మీద ప్లస్ గుర్తు ఉంటే 1930ల మధ్యకు ముందుది కానే కాదు.

దీన్ని తిప్పి వాడితేనే తప్పు. మొద్దు మర కనపడింది కదా అని పెట్టె 1850కి ముందుదని తీర్మానించకూడదు. మన కంసాలి, కమ్మరి చేతిపని 20వ శతాబ్దంలోకి కూడా సాగింది. పల్లె భోషాణానికి కొలిమిలో కొట్టిన నాలుగు పలకల మేకు 1920లోనూ పడింది. పాత పద్ధతి ఎంతకాలమైనా బతుకుతుంది గానీ, కొత్త పద్ధతి పుట్టకముందు కనపడదు. నివేదిక రాసినవాళ్లు ఈ సూత్రం పాటించారో లేదో ముందు చూడండి. ఐరోపా కుర్చీలు, బల్లలు చూసి అలవాటైనవాళ్లు మన పెట్టెకు యాభై, అరవై ఏళ్లు ఎక్కువ వేయడానికి ఇదే కారణం.

మర పాతదైనా, కొత్తదైనా, అది మొదటిదా మార్చినదా అన్నది తేలాలి. బందు రెక్క చుట్టూ ఇంకో ఆకారపు నీడ, పూడ్చేసిన బెజ్జాలు కనపడితే బందు మార్చారు. తాళమూ అంతే. తాళం మీద గోద్రెజ్ అని ఉంటే, ఆ కంపెనీ 1897లో తాళాలతోనే మొదలైంది కాబట్టి, తాళం అంతకు ముందుది కాదు. పెట్టె వయసు మాత్రం తాళపు కన్ను చుట్టూ కలపలో అతుకు ఉందో లేదో చూశాకే.

అడుగు పలక

పక్క వెలుగులో గీతలు వంకరటింకరగా, ఏటవాలుగా, మధ్యమధ్య కోణం మారుతూ ఉంటే ఇద్దరు మనుషులు పైనా కిందా ఉండి లాగిన రంపం. విల్లులా వంగిన గీతలైతే గుండ్రటి యంత్రపు రంపం. నిటారుగా, దువ్వెనతో గీసినట్టు సమదూరంలో ఉంటే బ్యాండ్ రంపం, లేదా మిల్లులో పైకీ కిందికీ ఆడే చట్రపు రంపం. రంగూన్, మౌల్మెయిన్‌లలో ఆవిరి రంపపు మిల్లులు 19వ శతాబ్దం రెండో సగంలోనే పనిచేశాయి కాబట్టి, బర్మా టేకు పెట్టెకు విల్లు గీతలు ఉండటం వింత కాదు. అడుగున ప్లైవుడ్ ఉంటే అయితే పెట్టె 20వ శతాబ్దానిది, లేదా అడుగు మార్చారు. గాడిలో దిగి ఉందా, కింద నుంచి మేకులేశారా చూస్తే రెండింట్లో ఏదో తెలుస్తుంది.

పురుగు తొలిచిన గుర్తులు దగ్గరగా చూడండి. కొయ్యపురుగు లోపల మెలికలు తిరిగి, బయటికొచ్చేటప్పుడు నేరుగా గుండ్రటి బెజ్జం పెట్టి వస్తుంది. అంటే పైన కనపడాల్సింది ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల చుక్కలు. అలా కాకుండా నగిషీ పువ్వు మీద, రేకు పొడవునా, సగం కోసిన గొట్టంలా కాలవ కనిపిస్తే? పురుగు తొలిచాక ఆ కలపను చెక్కారన్నమాట. పాత ఇంటి దూలమో, సాదా భోషాణమో తెచ్చి, తర్వాత నగిషీ చెక్కి పాతదిగా అమ్మిన పెట్టెల్ని ఇది ఇట్టే పట్టిస్తుంది. కలప నిజంగా పాతదే, చెక్కుడే కొత్తది. ఈ ఒక్క ఫొటో పంపితే చాలామంది మదింపుదారుల జవాబు మారిపోతుంది.

యంత్రపు చెక్కుడును పట్టడం ఇంకా తేలిక. లోపలి మూలలన్నీ ఒకే గుండ్రదనంతో ఉంటాయి, చెక్కిన గుంటల అడుగు గాజులా చదునుగా ఉంటుంది, కుడి పువ్వు ఎడమ పువ్వుకు అచ్చు. చేతిపనిలో ఉలి ఆగిన చోట సన్నటి కోత మిగులుతుంది, నేపథ్యంలో గుచ్చిన చుక్కల అచ్చులు అక్కడక్కడా ఒకదానిపై ఒకటి పడతాయి.

ఏ ఊరిది

ఇక్కడ ఫొటో సేవలు బాగానే పనిచేస్తాయి. నగిషీ భాష వాళ్లకు తెలుసు. అయినా ఇళ్లలో ఎక్కువగా కనపడే రకాలు మీరూ తెలుసుకుంటే తప్పుడు నివేదికను పట్టుకోవచ్చు.

తెరచాప పడవలు, వంతెనలు, దేవదారు చెట్ల కింద మనుషులు, లోతైన చెక్కుడు, లోపల తీసి పెట్టుకునే ట్రే, గుండ్రటి లోహపు పళ్లెం మీద కొండి. ఇది చైనా పని, చాలామటుకు హాంకాంగ్‌ది, కర్పూరం చెక్క. సింగపూర్, రంగూన్, హాంకాంగ్ వెళ్లొచ్చినవాళ్లు ఉన్నికోట్లు, పట్టుచీరలు దాచుకోవడానికి తెచ్చుకున్నది ఎక్కువగా ఇదే. వీటిలో అధికభాగం 1920ల నుంచి 1960ల మధ్యవి. నివేదికలో "1850 కాంటన్" (దక్షిణ చైనా రేవు, ఇప్పటి గ్వాంగ్‌జౌ) అని రాస్తే నమ్మకండి. ఆ కాలపు కాంటన్ కర్పూరపు పెట్టెలు ఎక్కువగా సాదావి, మూలలకు ఇత్తడి రేకు కొట్టినవి. కర్పూరం చెక్క అవునో కాదో తేల్చడానికి లోపల కనపడని మూల రూపాయి బిళ్లంత మేర ఉప్పుకాగితంతో రెండుసార్లు రుద్ది వాసన చూడండి. రుద్దకముందు వచ్చే వాసనను లెక్కలోకి తీసుకోవద్దు. ఏళ్ల తరబడి వేసిన కలరా ఉండల వాసన అది. బయట టేకు, లోపల పలుచటి కర్పూరపు చెక్క అంటించినవీ ఉన్నాయి, అవి ఇంకా తర్వాతవి.

చినార్ ఆకు, ఐరిస్ పువ్వు, ముదురు చారలున్న గోధుమ రంగు కలప అయితే కశ్మీరు అక్రోటు. శీశం కలప, ద్రాక్షతీగ, జాలీ, ఇత్తడి తీగ పొదుగు అయితే ఉత్తరప్రదేశ్‌లోని సహారన్‌పూర్. ఇది దాదాపు ఎప్పుడూ 20వ శతాబ్దపుదే, అయినా అమ్మకాల ప్రకటనల్లో "19వ శతాబ్దపు మొఘల్ పెట్టె" అయిపోతుంది. బాగా లోతుగా చెక్కిన తీగల మధ్య నెమళ్లు, నాట్యగత్తెల్లాంటి బొమ్మలు, బరువైన టేకు అయితే బర్మా. ఇత్తడి రేకులు కొట్టి, చక్రాల మీద నిలబడి, మూతకు బదులు ముందువైపు తలుపు ఉంటే గుజరాత్ కాఠియావాడ్ ప్రాంతపు పటారో. ఎర్రటి లక్కపూత, గోపురంలాంటి మూత, ఇత్తడి పట్టీలు ఉంటే ఉత్తర కేరళ నెట్టూరు పెట్టె, అది నగల కోసం చేసినది. మన భోషాణం మాత్రం నగిషీ కోసం పుట్టలేదు. మందపాటి టేకు పలకలు, ఇనుప పట్టీలు, గుండ్రటి బుడిపెల సీలలు, పైన పడుకోగలిగినంత వెడల్పు. భోషాణం మీద వొత్తుగా నగిషీ కనపడితే పైన చెప్పిన పురుగు కాలవ కోసం వెతకండి.

ఇంట్లో చెప్పుకునే కథకూ ఒక పరీక్ష ఉంది. రంగూన్ నుంచి ఏ సంవత్సరం వచ్చారని అడగండి. 1941 డిసెంబర్ బాంబుల తర్వాత, 1942లో అరకాన్ దారిన, మణిపూర్ దారిన కాలినడకన వచ్చినవాళ్లు ఇంత పెట్టెను మోసుకురాలేరు. అంతకుముందు ఓడలో వచ్చినవాళ్లు తేగలరు. ఇక రంగూన్‌లో కొన్నది బర్మా పనే కానక్కర్లేదు, అక్కడ చైనా వడ్రంగులూ ఉన్నారు.

మూత లోపల అంటించిన కాగితాన్ని పీకేయకండి. పాత తెలుగు పత్రిక తేదీ దొరికితే ఆ తేదీకో, ఆ తర్వాతో దాన్ని అంటించారని మాత్రమే అర్థం, పెట్టె అంతకంటే ఎంతో పాతది కావచ్చు. దుకాణం లేబుల్ ఇంకా పదును. చిరునామాలో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతిది. ధర నయాపైసల్లో ఉంటే 1957 తర్వాతిది. సయాం (థాయ్‌లాండ్ పాత పేరు) అని ఉంటే చాలావరకు 1939కి ముందు. లేబుల్ పెట్టె అమ్మిన దుకాణానిదా, రిపేరు షాపుదా అన్నది చదివి చూసుకోవాలి.

కలప ప్రయోగశాల: అడిగిన ప్రశ్నకు 5కి 5, మీకు కావాల్సిన ప్రశ్నకు 2

బెంగళూరు మల్లేశ్వరంలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీ, దెహ్రాదూన్‌లోని ఫారెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ కలప జాతిని గుర్తించి రాతపూర్వకంగా ఇస్తాయి. పలుచటి పొరలు కోసి, సూక్ష్మదర్శిని కింద రంధ్రాల అమరిక చూసి చెప్తారు. అందుకే ఆ మాట గట్టిది. ఎంత ముక్క కావాలో ముందే ఫోన్ చేసి అడగండి. తీయాల్సింది కాలి కింద నుంచో, ట్రే ఆనే పట్టీ వెనక నుంచో. బయటి పలక, లోపల అంటించిన పలుచటి చెక్క, అడుగు మూడూ వేరే కలపలు కావచ్చు కాబట్టి ఒకే నమూనా పంపి పెట్టె మొత్తానికి తీర్పు రాయించుకోకండి. టేకు అని తేలితే అది బర్మా టేకా, గోదావరి అడవిదా అన్నది ఈ పరీక్ష చెప్పదు. వయసు అసలే చెప్పదు. రోజ్‌వుడ్డా శీశమా, అక్రోటా రంగేసిన మామిడా అన్న తగువుంటే మాత్రం దీనికి మించింది లేదు.

కలపలో మిగిలిన రేడియోకార్బన్‌ను కొలిచి కాలం చెప్పే కార్బన్ పరీక్షకు డబ్బు పెట్టకండి. లక్నో, ఢిల్లీ, అహ్మదాబాద్‌లలో ప్రయోగశాలలున్నాయి, వాటి పనిలో తప్పేమీ లేదు. కానీ 1650 నుంచి 1950 మధ్య ఒకే కొలత రెండు మూడు వేర్వేరు కాలాలకు సరిపోతుంది. పైగా అది చెట్టు పెరిగిన కాలం, పెట్టె చేసిన కాలం కాదు. ఒకే సందర్భంలో పనికొస్తుంది: 1950ల తర్వాత, అణుపరీక్షల వల్ల రేడియోకార్బన్ ఎక్కువైన గాలిలో పెరిగిన చెట్టు కలపను ఇది వెంటనే పట్టేస్తుంది. లక్షలు పోసి కొనబోయే పెట్టె అయితే ఆలోచించండి, వారసత్వంగా వచ్చినదానికి అనవసరం.

మిగతావి

క్రిస్టీస్, సోథబీస్, బాన్‌హామ్స్ లాంటి వేలం సంస్థలు ఫొటోలు తీసుకుని ప్రాథమిక అంచనా ఉచితంగానే ఇస్తాయి. వాళ్లకు కావాల్సింది అమ్మకానికి పనికొచ్చే ధర. తక్కువ ధర పలికే పెట్టె అయితే ఒక్క వాక్యంలో కాదంటారు, ఎందుకో చెప్పరు. ఆ "కాదు"ను నకిలీ అని అర్థం చేసుకోకండి.

కారైక్కుడి మునీశ్వరన్ కోయిల్ వీధి, కొచ్చి మట్టాన్‌చేరి జ్యూ టౌన్ అంగళ్లలో ఏళ్ల తరబడి పెట్టెలు తిప్పిన చేతులున్నాయి. మూత ఎత్తిన బరువును బట్టే కలప చెప్పేవాళ్లుంటారు. కానీ కొనేవాడి నోట మీ పెట్టె చిన్నవయసుది, అమ్మేవాడి నోట అదే పెట్టె ముసలిది. అమ్మే ఉద్దేశం లేదని ముందే చెప్పి, చూడటానికి రుసుము ఇస్తామని అడిగితే మాట నిక్కచ్చిగా ఉంటుంది.

ఫోన్ యాప్‌లకు 5కి 1. అవి ముందువైపు నగిషీని ఇంటర్నెట్‌లో అమ్మకాల ప్రకటనలతో పోలుస్తాయి. ప్రకటన రాసిన అమ్మకందారు వేసుకున్న వయసే తిరిగి మీకు వస్తుంది. ఊరి పేరు వరకు ఆధారంగా తీసుకోవచ్చు.

పాలిష్ వాళ్ల "ఉచిత పరీక్ష" ఒప్పుకోవద్దు. రుద్దుతూ చూస్తారు, రుద్దాక చూడటానికేమీ మిగలదు. పూత గురించే తెలియాలంటే 365 నానోమీటర్ల అల్ట్రావయొలెట్ టార్చి కొని చీకట్లో వేయండి. లక్క పాలిష్ నారింజ రంగులో మెరుస్తుంది. నారింజ మధ్యలో నల్లటి మచ్చలు ఉంటే అక్కడ తర్వాత రిపేరు జరిగింది.

పెట్టెను అమెరికాకో, ఆస్ట్రేలియాకో తీసుకెళ్లాలనుకునేవాళ్లకు చివరి మజిలీ ఆర్కియాలజికల్ సర్వే. 1972 నాటి పురావస్తువులు, కళాసంపద చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన కళావస్తువును దేశం దాటించే హక్కు మామూలు మనిషికి లేదు. నూరేళ్లు నిండలేదని వాళ్ల నిపుణుల సంఘం చూసి "పురావస్తువు కాదు" అనే ధ్రువపత్రం ఇవ్వాలి. ఫొటోలతో దరఖాస్తు పెట్టాలి, పెట్టెను చూపించాల్సి రావచ్చు, కాబట్టి ప్యాకింగ్ అంతా అయ్యాక కాకుండా ముందే వెళ్లండి. ఆ పత్రాన్ని వయసు ధ్రువీకరణగా చూపించలేరు, అది కస్టమ్స్ కోసం. పెట్టె రోజ్‌వుడ్ అయితే 2017 జనవరి నుంచి ఆ కలపనిచ్చే చెట్ల ప్రజాతి దాదాపు మొత్తం, అంతరించే జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్ రెండో అనుబంధంలో ఉంది. బెంగళూరు కలప నివేదికకు పెట్టిన డబ్బు అక్కడ పనికొస్తుంది. ఏనుగు దంతం పొదుగు ఉంటే ఓడ ఎక్కించే ఆలోచన మానుకోవాల్సిందే.